ప్రాణతంత్రి

వైశాఖ అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

కృష్ణానది మీద ఆకాశం కాటుక పూసినట్టు నల్లబడింది. తుఫాను గాలి హోరుమంటోంది. పట్టపగలే కాలరాత్రి! భవానీపురంలోని చేపల కంపెనీ గోడ మీద కూర్చుని, ఆ వేళప్పుడు కూయకూడని గుడ్లగూబ ఒకటి కర్ణకఠోరంగా కూసింది...

కంపెనీ వెనక గదిలో ఇద్దరు ఆడవాళ్లున్నారు. ఒకరు యజమానురాలు సంపూర్ణమ్మ. కొల్లేటి చేపల వ్యాపారుల ఇంటి కోడలు. భర్త పోయాక వ్యాపారమంతా తన చేతుల మీదుగానే నడిపిస్తోంది. రెండో మనిషి హన్నా. గుణదల పిల్ల. మద్రాసులో చదివి, కంప్యూటర్లు అమ్మే కంపెనీలో వాటిని బాగుచేసే ఇంజనీరుగా చేరింది.

1979లో బెజవాడకి కంప్యూటరంటే వింత. సంపూర్ణమ్మ ముచ్చటపడి తెప్పించుకుంది. కానీ అది సరిగ్గా మొదలైతేగా! మీట నొక్కగానే గుయ్యిమంటుంది... తెర మీద పచ్చటి చుక్క మెరుస్తుంది... ఒక్క అక్షరమైనా పడకముందే టప్పున ఆరిపోతుంది. మళ్లీ తనంతట తానే మొదలవుతుంది. మళ్లీ ఆరిపోతుంది!

హన్నా మీటరు పెట్టి చూసింది. కరెంటు సవ్యంగానే వస్తోంది. లోపలి కార్డులు ఒక్కొక్కటే ఊడదీసి చూసింది. అయినా అదే వరస. విసుగొచ్చి ప్లగ్గు పీకేసింది.

గుయ్‌య్‌య్... పచ్చటి చుక్క!

హన్నా తన చేతివంక చూసుకుంది. ప్లగ్గు అందులోనే ఉంది!

"అమ్మగారూ... ఇది దేంతో నడుస్తోందండీ?"

వెనక్కి తిరిగి చూసింది. కుర్చీలో సంపూర్ణమ్మ గుడ్లు తేలేసి, గొంతు పట్టుకుని, నీళ్లలోంచి తీసిన చేపలా కొట్టుకుంటోంది. యంత్రం వెలిగినప్పుడల్లా ఆమె ఊపిరి ఆగుతోంది! అది ఆరగానే ఒక్క గుక్క గాలి అందుతోంది... అంతలోనే మళ్లీ!

హన్నా పరుగున వెళ్లి తలుపు లాగింది. ఇనుప తలుపు కదల్లేదు. బయట గడియ పడింది! కిటికీలకు ఇనుప ఊచలు, వాటి వెనక బిగించేసిన అద్దాలు. తుఫాను హోరులో అరిచినా వినేవాళ్లు లేరు. ఆ గది గది కాదు... సజీవసమాధి!

"వదినా! ఇంకా పోలేదా ప్రాణం?"

తలుపుకున్న చిన్న అద్దంలో ఒక మొహం కనిపించింది. చింతనిప్పుల్లాంటి కళ్లు... నుదుట రక్తచందనం... సంపూర్ణమ్మ మరిది బంగార్రాజు!

"అన్న గద్దె నాది! ఆడది ఏలుతుంటే చేతులు కట్టుకు నిలబడతాననుకున్నావా? శ్మశానంలో సాధించిన విద్య ఇది! ఆ యంత్రం పూర్తిగా మేలుకున్న క్షణమే నీ ఆఖరి క్షణం!"

యంత్రం మళ్లీ మొదలైంది. ఈసారి తెర మీద ఒక అక్షరం పడింది... రెండోది పడింది...

హన్నా ఆలోచించింది. ప్లగ్గు లేదు. మరి యంత్రానికి ఇంకా తగిలి ఉన్నదేమిటి? ఎర్త్ వైరు! పిడుగు పడ్డా, షాకు కొట్టినా ఆ శక్తిని భూమిలోకి దింపడానికి విడిగా లాగిన తీగ. దాన్ని పట్టుకుని మూలదాకా పాకింది. అక్కడ ఒక గచ్చుపలక కదిలింది. ఎత్తి చూసింది.

నరకపాలం!

దాని కళ్లగుంతల్లో కుంకుమ... కణతల చుట్టూ సంపూర్ణమ్మ తలవెంట్రుకలు... వాటి మీద చుట్టలు చుట్టి ఉంది ఎర్త్ వైరు! పక్కనే మట్టిలో, ఆ తీగ కలవాల్సిన రాగికడ్డీ మొన వట్టిగా కనిపిస్తోంది.

"ఆగు!" గర్జించాడు బంగార్రాజు. "ఆ తీగ తెంపావో... ఆవిడ ప్రాణం తెగిపోతుంది!"

"తెంపనండీ," అంది హన్నా. "కలుపుతాను."

సంచీలోంచి రాగితీగ తీసింది. ఒక కొస కపాలం మీది తీగకు మెలిపెట్టింది. బంగార్రాజు మొహంలో నెత్తురు ఇంకిపోయింది. మంత్రం అందుకున్నాడు. కపాలం దవడ టకటకా కొట్టుకుంటూ హన్నా వేళ్లను కరిచింది! నెత్తురు చిమ్మింది.

"మరియమ్మ తల్లీ!" అంటూ ఆమె రెండో కొసను భూమిలోని కడ్డీకి చుట్టేసింది.

అంతే... సంపూర్ణమ్మ లేచి నిలబడింది. జుట్టు విరబోసుకుంది. ఆ గొంతు ఆమెది కాదు!

"ఒరేయ్! కొల్లేట్లో వెలసిన అమ్మవారిని, పెద్దింట్లమ్మను రా! నా బిడ్డ ఊపిరి దొంగిలిస్తావా? నీ విద్య నువ్వే తీసుకుపో!"

ఆకాశం నిలువునా చీలింది! కంపెనీ గోడ మీద పడ్డ పిడుగు, తలుపు గడియ పట్టుకున్న బంగార్రాజు అరచేతుల్లోంచి నీలిమంటగా పాకింది. "వదినా... కాపాడూ...!" అనే కేక సగంలోనే మాడిపోయింది. గడియ కరిగి ఊడింది. తలుపు దానంతటదే తెరుచుకుంది. గడప అవతల, మనిషి ఆకారంలో, పొగలు కక్కుతున్న బూడిద... దాన్ని వాన క్షణంలో కాలవలోకి కొట్టేసింది.

కపాలం ముక్కలైపోయింది. యంత్రం చల్లారి, మూగగా ఉంది.

"మళ్లీ వేసి చూడమంటారా అమ్మగారూ?" అడిగింది హన్నా, నెత్తురోడే వేళ్లకు చెంగు చుట్టుకుంటూ.

సంపూర్ణమ్మ ఆమె భుజం పట్టుకుని గడప దాటింది. వానలో మొహం పైకెత్తి, గుండెల నిండా గాలి పీల్చింది.

"ఉండమ్మాయ్... ముందు నన్ను కాసేపు ఊపిరి తీసుకోనీ!"