తెలుగులో అడిగిన దొంగ

"తేనెపలుకు. కీబోర్డు యాడ్-ఆన్," చీఫ్ సోమయాజులు ఆ పేరు ఉమ్మేసినట్టు పలికాడు. "విదేశీ ముఠా సరుకు. కలకత్తా ఖిదిర్‌పూర్ డాకులో క్రేన్ నడిపే అప్పలలక్ష్మి ఫోన్లో ఉంది. ఆమె టైపు చేసే కోడ్ ముఠాకి చేరితే క్రేన్ వాళ్లదే. టార్పెడోల పెట్టె జారుతుంది. కింద కూలీలుంటారు."

"యాడ్-ఆన్ బయటికేమీ పంపకుండా ఫోన్ సిస్టమ్ దాన్ని బోనులో పెట్టి ఉంచుతుంది కదా సర్?" అన్నాడు ఏజెంట్ జాబేజ్.

"ఉంచింది. 'ఫుల్ యాక్సెస్' అనే తలుపు మనిషే తియ్యాలి. ఆమె తీసింది. వెళ్లి మూసెయ్. ముఠా మనిషి ఎవరో డాకులోనే ఉన్నారు, హడావిడి చెయ్యకు."

గ్రీజు పూసేవాడి వేషంలో జాబేజ్ క్రేన్ క్యాబిన్ ఎక్కాడు.

"ఏటి దాదా, ఇక్కడికొచ్చీసినావు?" అంది అప్పలలక్ష్మి.

కార్డు చూపించి సంగతి చెప్పాడు. "ఎందుకు ఒప్పుకున్నావ్?"

"తెలుగులో మాటాడి అడిగింది దాదా! నాకు సదవడం రాదు. మనోలదే కదా అని నొక్కీసినాను. కోడ్ ఇప్పుడే కొట్టీసినాను."

జాబేజ్‌కి కంపరమెత్తింది. ఇంట్లో మాట్లాడుకునే భాషని గాలానికి గుచ్చారు, ఛీ! సిగ్నల్ అంతంతమాత్రం. ఆమె ఫోన్ తెర మీద కోడ్ పంపే చక్రం ఇంకా తిరుగుతోంది. ఫోన్ అందుకుని 'ఫుల్ యాక్సెస్' స్విచ్ మీదికి వేలు పోనిచ్చాడు.

"చెయ్యి తియ్యి."

గుమ్మంలో పట్టుచీర, సైలెన్సర్ పిస్టల్. జాయ్స్! తమ శాఖ ఏజెంటే. తెలుగు సంఘం పేరుతో వాడవాడలా తేనెపలుకు పంచింది ఈవిడేనన్నమాట. ఢిల్లీలో పెరిగి పుస్తకాల్లో తెలుగు నేర్చిన మనిషి. అది గుర్తుకు రాగానే అరిచాడు.

"లచ్చిమీ, తొంగో!"

కిటికీలోంచి తొంగి చూడమన్నాడనుకుని, కింద పోలీసులున్నారేమోనని జాయ్స్ అటు తిరిగింది. పడుకోమన్నాడని తెలిసిన అప్పలలక్ష్మి నేలకి కరుచుకుపోయింది. జాబేజ్ జాయ్స్ మణికట్టు మెలిపెట్టాడు. గుండు కప్పులోంచి పోయింది. రెండో చేతి బొటనవేలు స్విచ్ నొక్కింది.

చక్రం ఆగింది. పంపడం కుదరలేదంది ఫోన్. కోడ్ బోనులోనే ఉండిపోయింది.

బేడీలు వేయించుకుంటూ జాయ్స్ పళ్లు నూరింది. "తొంగో అంటే ఏమిటి?"

"జైల్లో చాప ఇస్తారు మేడమ్. అప్పుడు మీకే తెలుస్తుంది."