ఫ్లాస్కులో పులిసిన పగ

ఫ్లాస్కు అడుగున తిరుగుతున్న మాత్రంత అయస్కాంతం గతి తప్పి టకటకా గాజుకు కొట్టుకుంది. నూకరత్నం చప్పున రెగ్యులేటర్ తిప్పి వేగం తగ్గించింది. అది మళ్ళీ నడిమికి చేరి నిలకడగా తిరగసాగింది. మాల్ట్ ద్రావణంలో చిన్న సుడి లేచింది.

అది 2058, విశాఖపట్నం. బీరుకీ బ్రెడ్డుకీ కావలసిన ఈస్ట్ అంతా మధువని అనే ఒక్క కంపెనీ ట్యాంకుల్లోంచే రావాలి. ఇంట్లో ఈస్ట్ పెంచితే నేరం. ఆ పరికరాలు బజార్లో దొరకవు. అందుకే ఆవిడ ఫ్లాస్కులో ద్రావణాన్ని కలిపే స్టిర్ ప్లేట్ సొంతంగా చేసుకుంది. పాత కంప్యూటర్ ఫ్యాను, దాని నడిమిన అంటించిన రెండు అయస్కాంతాలు, సెల్‌ఫోన్ ఛార్జరు, వీటన్నిటినీ దాచిన ప్లాస్టిక్ డబ్బా. డబ్బాలో ఫ్యాను తిరిగితే పైనున్న ఫ్లాస్కులోని అయస్కాంతమూ తిరుగుతుంది. కదపకుండా వదిలేస్తే ఈస్ట్ అడుక్కి చేరి కునుకు తీస్తుంది. కలుపుతూ ఉంటే ప్రతి కణానికీ గాలీ తిండీ అందుతాయి, చిటికెడు ఈస్ట్ రెండు రోజుల్లో దండులా పెరిగిపోతుంది.

"ఎందుకక్కా ఈ తంటా?" అన్నాడు ఫ్యాను తెచ్చిచ్చిన రిపేరు షాపు జిలానీ.

"ఇరవై రెండేళ్ళు మధువని ల్యాబులో చేశాను. జీలుగు కల్లులోంచి నేను తీసిన ఈస్ట్‌కి డైరెక్టర్ శేషశయన తన పేరు పెట్టుకున్నాడు. ఇదేమిటని అడిగితే దొంగతనం అంటగట్టి గెంటించాడు. నేనిప్పుడు పెంచుతున్నది విషం వదిలే ఈస్ట్. మనుషులకేం కాదు. ఆయన ఈస్ట్ మాత్రం ఒక్క కణం మిగలదు."

"పాపం కదక్కా?"

"నన్ను గెంటిన రోజే పాపం, పుణ్యం ఆ గేటు దగ్గర వదిలేసి వచ్చాను."

ఆయుధపూజ నాడు మధువని ప్లాంటులోకి అందరినీ రానిస్తారు. అన్ని ట్యాంకులకూ ఈస్ట్ అందించే పెద్ద ట్యాంకు మూత తెరిచి బొట్టు పెడుతున్న సందడిలో నూకరత్నం తన థర్మాస్ అందులో ఒంపేసింది. వారం తిరిగేసరికి మధువని ఈస్ట్ చచ్చి ఊరుకుంది. టీవీలో శేషశయన చెమటలు తుడుచుకుంటుంటే ఆవిడ మారు అన్నం వడ్డించుకుని తింది.

ఆ ఆనందం మూడు వారాలు కూడా నిలవలేదు. నూకరత్నం ఒంపిన ఈస్టే ట్యాంకుల్లో సరుకును పులియబెట్టడం మొదలుపెట్టింది. దాని విషానికి జడిసి మరే పాడు ఈస్టూ దగ్గరికి రాదు, ఒక్క ట్యాంకూ చెడదు! మూడేళ్ళు శ్రమించి తానే పుట్టించానని శేషశయన ప్రమాణపత్రం ఇచ్చి పేటెంట్ అడిగాడు. ఆపైన ఆ ఈస్ట్ నింపిన సీసా పట్టుకుని నూకరత్నం గుమ్మంలోకే వచ్చాడు.

"ఇలాంటిది పుట్టించగల చెయ్యి ఒక్కటే రత్నంగారూ, నాకు తెలుసు. కావాలంటే మీదేనని చాటుకోండి. ట్యాంకులోకి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి మరి. ఏడేళ్ళ జైలు."

నవ్వుతూ వెళ్ళిపోయాడు. నూకరత్నం ఒళ్ళు మండిపోయింది. కాసేపటికి లేచి, స్టిర్ ప్లేటూ ఫ్లాస్కూ సంచిలో పెట్టుకుని తిన్నగా పోలీస్ స్టేషన్‌కి నడిచింది.

"మీ మీద మీరే ఫిర్యాదా?" ఎస్సై విస్తుపోయాడు. "ఈ ఈస్ట్‌ను శేషశయనగారు పుట్టించారని ప్రమాణపత్రం ఉందట కదమ్మా!"

"అయితే తన ట్యాంకుల్ని తనే చంపుకున్నానని ఆయన్నే సంతకం పెట్టమనండి."

కబురందుకుని శేషశయన పరుగున వచ్చాడు. "ఈ ఈస్ట్ మీదేనా?" అని ఎస్సై ఒక్కటే అడిగాడు. తనదంటే కంపెనీ యజమానులు తననే కటకటాల్లోకి తోస్తారు. కాదంటే పేటెంట్ పోతుంది, దొంగ ప్రమాణం బయటపడుతుంది. నూకరత్నం ఆయన మొహం మీంచి చూపు తిప్పలేదు.

"నాది కాదు," అన్నాడు చివరికి, నేల చూస్తూ.

ఎస్సై ఎఫ్ఐఆర్ పుస్తకం అందుకున్నాడు. "సదరు ఈస్ట్‌ను తయారుచేసిన వ్యక్తి... పేరు చెప్పండమ్మా."

ఇరవై రెండేళ్ళలో ఏ కాగితమూ ఆవిణ్ణి ఆ మాట అడగలేదు.

"పూర్తిగా రాయండి బాబూ," అంది కుర్చీలో నిటారుగా కూర్చుని. "బోణంగి నూకరత్నం."