తొట్టి దగ్గర పన్నెండు గిట్టలు

వియన్నా నగరం చివర సిమ్మరింగ్ పేటకి పోయే దారిలో పాత రైలు వంతెన కింద ఒక రాతి తొట్టి ఉంది. గుర్రాలు నీళ్ళు తాగడానికి ఏ తాతల కాలంలోనో కట్టింది. దాని పక్కన ఏ బగ్గీ ఆగదు.

ఆగదంటే ఆగదు. వియన్నా పెద్ద చర్చి ముందు పొద్దంతా టూరిస్టుల్ని తిప్పి, రాత్రికి ఊరి చివర లాయాలకి తిరిగెళ్ళే బండ్లన్నీ ఆ వంతెన కిందనుంచే పోవాలి. వంతెన కనపడగానే బండివాళ్ళు మాటలు ఆపేస్తారు. పగ్గాలు బిగించి, కొరడా ఝళిపించి, ఒక్క ఊపున దాటించేస్తారు. ఇంకాస్త ముందుకెళితే ఊళ్ళోకెల్లా పెద్ద శ్మశానం. దాని గోడ పక్కన మాత్రం తీరిగ్గా సిగరెట్లు ముట్టించుకుంటూ పోతారు. ఇదేం విడ్డూరమయ్యా అని అడిగితే పోల్దీ అనే బండివాడు చెప్పేవాడు: "శ్మశానంలో ఉన్నవాళ్ళు మర్యాదస్తులండీ, ఎవరి జోలికీ రారు. తొట్టి దగ్గరిది అలా కాదు."

తొట్టి దగ్గరిది ఏమిటో చూసినవాళ్ళు లేరు. విన్నవాళ్ళే... రెండు గుర్రాలు కట్టిన బండికి ఎనిమిది గిట్టల చప్పుడు రావాలి కదా. వంతెన కింద పన్నెండు వినిపిస్తాయట. ఆ చప్పుడు విని బండి ఆపారో — వారం తిరక్కుండా ఆ జతలో ఒక గుర్రం పోతుందట.

బగ్గీ తోలే రోస్వితకి ఇది చెప్పింది ఫెర్దిల్ తాత. ఒకప్పుడు ఊళ్ళో పేరుమోసిన బండివాడు, ఇప్పుడు డెబ్బై తొమ్మిదేళ్ళ ముసలాయన, లాయంలోనే ఒక గదిలో ఉంటున్నాడు. పద్దెనిమిదేళ్ళ కిందట ఆమె చేతికి పగ్గాలిచ్చి తోలడం నేర్పింది ఆయనే. ఆయన చెప్పిన రెండు మాటలు ఆమె ఏనాడూ జవదాటలేదు. ఒకటి, తొట్టి దగ్గర ఆపకు. రెండోది, ఒళ్ళు వేడిగా ఉన్న గుర్రానికి నీళ్ళు పెట్టకు... చల్లారాకే పెట్టు, లేకపోతే కడుపునొప్పి పట్టి చస్తుంది.

ఆ రెండు మాటలూ ఒకే రాత్రి ఆమెకి అడ్డం తిరిగాయి.

అది ఆగస్టు నెల, ఆదివారం. ముప్పై ఐదు డిగ్రీలు వస్తే బగ్గీలన్నీ ఇంటిదారి పట్టాలని నగరం రూలు. ఆ రోజు ముప్పై నాలుగున్నర దగ్గరకొచ్చి ఆగింది. పోల్దీ గుండ్రటి నల్లటోపీ తీసి విసురుకుంటూ, "ఆ అర డిగ్రీ తక్కువుందని గుర్రాలకి ఎవరు చెప్తారే? నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు.

"నీ వాటికి నువ్వే చెప్పుకో. నా వాడికి తెలివెక్కువ, నమ్మడు," అంది రోస్విత.

ఆమె వాడు అంటే ముస్కాట్. పదహారేళ్ళ బూడిదరంగు గుర్రం. వాడితోపాటు కట్టేది ట్రిక్సీ అనే చిన్న వయసు ఆడగుర్రం. తొమ్మిదేళ్ళుగా ముస్కాట్‌ని తోలుతోంది రోస్విత. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. ఇంట్లో ఎవరూ ఎదురుచూడరు గానీ లాయంలో వాడు ఎదురుచూస్తాడు. పొద్దున్నే కోటు జేబులో మూతి దూర్చి బన్ను ముక్క వెతుక్కుంటాడు. ఆ రోజు మధ్యాహ్నం జేబు దగ్గరికే రాలేదు. అది చూసినప్పుడే ఆమెకి మనసు కీడు శంకించింది.

బకెట్టుతో నీళ్ళు పట్టింది కూడా. మెడ మీద చెయ్యేసి చూస్తే కాలిపోతోంది. చల్లారనీ, అనుకుంది. చల్లారేలోపు ఒక బేరం వచ్చింది. అది దింపేలోపు ఇంకోటి. బకెట్టు పట్టిన చోటే ఉండిపోయింది. చీకటిపడే దాకా ముస్కాట్ చల్లారలేదు, నోట్లో చుక్క నీళ్ళు పడలేదు.

పది దాటాక ఇంటిదారి పట్టింది. పోల్దీ బండి ముందే వెళ్ళిపోయింది. కాలవ దాటి గోదాముల వీధిలోకి వచ్చేసరికి మనిషన్నవాడు లేడు. ఆదివారం, అన్నీ మూసే ఉన్నాయి. పగలంతా కాగిన రాళ్ళ నుంచి ఇంకా సెగ వస్తోంది.

అప్పుడు చూసింది... ట్రిక్సీ ఒళ్ళంతా చెమటతో నిగనిగలాడుతోంది. ముస్కాట్ ఒళ్ళు పొడిగా ఉంది.

దిగి తడిమింది. వెంట్రుకలు గరగరలాడుతున్నాయి. మెడ మీది చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది. ఒంట్లో నీరుంటే టక్కున సర్దుకోవాలి అది. సర్దుకోలేదు — పట్టిన మడత పట్టినట్టే నిలబడిపోయింది.

చెమట ఆగిపోయిన గుర్రం ఎక్కువసేపు నిలబడదని బండి తోలేవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. లాయానికి ఫోన్ చేసింది. ఈ వేళకి ఫెర్దిల్ తాత గదిలోనే ఉంటాడు, ఎప్పుడూ ఉంటాడు. ఫోన్ మోగింది, మోగింది... ఎవరూ ఎత్తలేదు.

"ఇంకొక్క మైలు రా నాన్నా," అని వాడి చెవిలో చెప్పి, బండెక్కకుండా పగ్గం పట్టుకుని పక్కనే నడిచింది.

వంతెన వచ్చింది. కింద ఉన్న ఒక్క దీపం వెలగడం లేదు. లోపలికి అడుగుపెట్టగానే గిట్టల చప్పుడు గోడలకి కొట్టి తిరిగొచ్చింది. టక్... టక్... టక్... వద్దనుకుంటూనే లెక్కపెట్టింది. ముస్కాట్ కాళ్ళు ఈడుస్తున్నాడు, వాడి అడుగు ఆమెకి తెలుసు. ట్రిక్సీది తేలికడుగు, అదీ తెలుసు.

ఇంకొకటి ఉంది.

బరువైన అడుగు. నింపాదిగా, ఈ రెండింటికీ కాస్త వెనగ్గా... వీళ్ళతో సమానంగా నడుస్తోంది.

ఆమె ఆగింది. ముస్కాట్ ఆగాడు, ట్రిక్సీ ఆగింది. ఆ మూడోది ఇంకో రెండడుగులు వేసి — ఆగింది.

దూరంగా వంతెన అవతల ఏదో చక్రం కీచుమంటూ పోతోంది. కీచు... కీచు... ఎవరో అని పిలవబోయింది.

అప్పుడే పగ్గం ఆమె చేతిలోంచి జారింది. ముస్కాట్ లాగాడు. నడవలేని గుర్రం, బండినీ ట్రిక్సీనీ కలిపి పక్కకి ఈడ్చుకుపోయాడు. ఎటో కాదు... తొట్టి వైపు.

సెల్‌ఫోన్ వెలుతురు వేసి చూసింది. ఏళ్ళ తరబడి కుళాయి లేని తొట్టి. నిండా నీళ్ళున్నాయి.

ఆమె చెయ్యి తనంతట తానే కొరడా మీదికి పోయింది. పద్దెనిమిదేళ్ళ అలవాటు. ఝళిపించు, దాటించు, ఆగకు. ఆగితే జతలో ఒకటి పోతుంది. తాగితే కడుపునొప్పి పట్టి పోతుంది. ఆగకపోతే? వంతెన దాటాక పది అడుగుల్లో కూలిపోతాడు, అది కూడా తెలుస్తూనే ఉంది. ఎటు చూసినా చావే. ముస్కాట్ మూతి నీళ్ళకి జానెడు దూరంలో పెట్టి, ఆమెవైపు చూశాడు. మంచి గుర్రం, చెప్పందే తాగడు.

కొరడా బండి మీద పడేసింది.

"తాగు," అంది.

ఆ తర్వాత వెనక ఉన్న చీకటిని ఉద్దేశించి, ఏడుపు గొంతుతో గుసగుసగా అంది. "నువ్వెవరో నాకు తెలీదు. కావాలంటే నన్నేమైనా చెయ్యి... వీణ్ణి మాత్రం తీసుకుపోకు."

మెడ మీద వెచ్చగా ఊపిరి తగిలింది, ఎండుగడ్డి వాసనతో. ఆమె రెండు గుర్రాలూ తన ఎదురుగానే ఉన్నాయి, తలలు వంచి తాగుతున్నాయి.

వెనక్కి తిరగలేదు. నీళ్ళకేసి చూస్తూ నిలబడింది. ముస్కాట్ మూతి చుట్టూ నీటి మీద ఒక వలయం. ట్రిక్సీ మూతి చుట్టూ ఒకటి. తొట్టి ఆ చివర, ఎవరూ లేనిచోట... మూడోది. పుడుతోంది, విచ్చుకుంటోంది, మళ్ళీ పుడుతోంది.

ఒళ్ళు గగుర్పొడిచినా పని మానలేదు ఆ మనిషి, అదీ గొప్ప. తన తలమీది నల్లటోపీ తీసి నీళ్ళు ముంచి ముస్కాట్ మెడ మీద, రొమ్ము మీద, కాళ్ళ మీద పోసింది. పోసి పోసి చేతులు పడిపోయాయి. పావుగంటయ్యాక మెడ చర్మం పట్టి వదిలితే, మెల్లగా సర్దుకుంది. ఇంకాసేపటికి చెవుల వెనకాల వేలికి తడి తగిలింది. చెమట.

లాయానికి నడిపించుకుంటూ చేరేసరికి ఫెర్దిల్ తాత గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. పక్కన చిన్న తోపుడుబండి, దాంట్లో నాలుగు ఖాళీ పాల క్యాన్లు.

"ఇంత ఆలస్యమేంటే?"

"తొట్టి దగ్గర ఆపాను తాతా."

ముసలాయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. "తాగాయా?"

"తాగాయి. ముస్కాట్ కడుపునిండా తాగాడు."

ఆయన లేచి ముస్కాట్ పొట్టకి చెవి ఆనించాడు. ఆ రాత్రి ఇద్దరూ పడుకోలేదు. గంటకోసారి పొట్టకి చెవి ఆనించడం, పొట్టలో గుడగుడ వినపడిందాకా ఊపిరి బిగపట్టడం. రోస్వితకి ప్రతి గంటా ఒక ఏడాదిలా గడిచింది. తెల్లారగట్ల ముస్కాట్ తోకెత్తి లద్దె వేశాడు, కడుపునొప్పి గండం గడిచినట్టే. లద్దెని చూసి అంతగా ఏడ్చిన ఆడమనిషిని వియన్నా అంతకు ముందెన్నడూ చూసి ఉండదు. వాడు మాత్రం ఏమీ ఎరగనట్టు వచ్చి ఆమె జేబులో మూతి దూర్చాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని తోపుడుబండి దగ్గరికి వెళ్ళి చక్రాన్ని కాలితో తోసింది. కీచుమంది.

"నీళ్ళు పోసింది నువ్వా?"

"నేనే."

"మరి ఆ తొట్టి దగ్గర దెయ్యం ఉందని..."

"అది చెప్పిందీ నేనే," అన్నాడు ఫెర్దిల్ తాత. గడ్డిమోపు మీద కూలబడి, నేలకేసి చూస్తూ చెప్పాడు. "నలభై ఒక్కేళ్ళయింది. నా గుర్రం పేరు వల్లీ. నిన్నటిలాంటి ఎండే. అప్పుడు ఆ తొట్టికి కుళాయి ఉండేది, నీళ్ళు పొర్లుతుండేవి. వల్లీ అటు లాగింది. ఒళ్ళు కాలుతుంటే నీళ్ళు తాగితే చస్తుందని మా నాన్న నేర్పాడు నాకు. కొరడాతో కొట్టాను. కొట్టి కొట్టి దాటించాను... పది అడుగులు. అంతే, పడిపోయింది. తోటి బండివాళ్ళంతా వచ్చి ఏమైందని అడిగారు. తొట్టి దగ్గర ఏదో చూసి బెదిరి చచ్చిందన్నాను. దెయ్యం అని చెప్పాను గానీ నా కొరడా అని చెప్పలేకపోయాను."

రోస్వితకి ఒళ్ళు మండిపోయింది. "మాకందరికీ అదే నేర్పావు కదయ్యా. వేడిగుర్రానికి నీళ్ళు పెట్టొద్దని, అక్కడ ఆగొద్దని. నిన్న నేను నీ మాట వినుంటే వీడు పోయేవాడు."

"అది తప్పని పశువుల డాక్టరు చెప్పి పదేళ్ళవుతోంది. వేడిగా ఉన్నప్పుడే పెట్టాలట. మీకు చెప్పాలంటే వల్లీ సంగతి కూడా చెప్పాలి. నోరు రాలేదు. అప్పటినుంచి ఎండాకాలమంతా రోజూ రాత్రి నాలుగు క్యాన్లు మోసుకెళ్ళి పోస్తున్నాను. మీ బండ్లు వస్తున్న చప్పుడు వినపడితే పక్కకి తప్పుకుంటాను."

"పోసి ఏం లాభం? నీ దెయ్యానికి జడిసి ఎవరమూ ఆపలేదు. పదేళ్ళ నీళ్ళు నేలపాలు చేశావు."

"నేలపాలు కాలేదమ్మాయ్..." ముసలాయన తలెత్తాడు. "పొద్దున్నే వెళ్ళి చూస్తాను. తొట్టి ఖాళీగా ఉంటుంది. పగుళ్ళున్నాయేమోనని సిమెంటు పూశాను. అయినా ఖాళీయే. మీరెవరూ అక్కడ ఆపరు... ఆపకుండా చేసింది నేనే కదా."

రోస్విత నీటి మీది వలయాల సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు. మెడ మీద తగిలిన ఊపిరి సంగతీ చెప్పలేదు.

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"రాత్రి నువ్వు దగ్గరుండి చూశావు కదా," అన్నాడు గుసగుసగా. "నిజం చెప్పు... వల్లీ కూడా తాగిందా?"

రోస్వితకి కోపం ఇంకా పోలేదు. అయినా అబద్ధం చెప్పలేకపోయింది.

"తాగింది తాతా," అంది. "అందరికంటే ఎక్కువసేపు తాగింది."