కనుమ దాటని శుక్రవారం

లేనీ ఫైట్‌తో అన్న మొట్టమొదటి మాట “బూట్లు విప్పు”.

అది జూన్ చివరి గురువారం. టిరోల్ కొండల్లో, రెండువేల నాలుగొందల మీటర్ల ఎత్తున, కొండ నడిచేవాళ్ళు రాత్రికి బస చేసే స్టైన్‌కార్ హట్. ఎనిమిది మంది ట్రెక్కర్లను వెంటేసుకుని, బురద బూట్లతో నేరుగా వంటగదిలోకి నడిచొచ్చిన గైడ్‌ని చూసి గరిటె ఎత్తి మరీ అంది. హట్‌లో బూట్లు గుమ్మం దగ్గరే విడవాలని అక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. పదకొండేళ్ళుగా గైడ్ పని చేస్తున్నవాడికి తెలియదా? తెలుసు. కానీ ఆ హట్ నడిపే ముసలాయన స్థానంలో కొత్తగా ఒక అమ్మాయి ఉంటుందనీ, ఆ అమ్మాయి ఇలా ఉంటుందనీ అతనికెవరూ చెప్పలేదు. చూస్తూ నిలబడిపోయాడు.

“విప్పమన్నది బూట్లు. తెరిచిన నోరు మూసుకోవచ్చు” అంది లేనీ.

బూట్లయితే విప్పాడు గానీ, నోరు మాత్రం పదకొండు వారాలైనా విప్పలేదు.

పేరు చూస్తే ఫైట్. జన్మలో ఎవరితోనూ ఫైట్ చేసి ఎరగడు. తాడు పట్టుకుంటే ఎనిమిది మందిని గోడలాంటి కొండ మీంచి దింపగలడు, నాలుక మీంచి ఒక్క మాట దింపలేడు. ఇక ఆమె పేరు లేనీ. కన్నవాళ్ళు ఏ ముహూర్తాన పెట్టారోగానీ, వారంలో ఆరు రోజులు ఆ పేరు అతని పాలిట అక్షరాలా నిజమై కూర్చుంది. లేనీ లేని సోమవారం, లేనీ లేని మంగళవారం, అలా. సోమవారం లోయలో బస్సు దిగిన గుంపును తీసుకుని బయల్దేరితే, హట్ నుంచి హట్‌కి నడుచుకుంటూ గురువారం సాయంత్రానికి స్టైన్‌కార్ చేరతారు. శుక్రవారం పొద్దున్నే కనుమ దాటాలి. కనుమ దాటితే ఆమె కనుమరుగు. శనివారం అందరూ కొండ దిగుతారు, ఫైట్‌కి దిగులు ఎక్కుతుంది.

పోనీ ఆ గురువారం సాయంత్రమైనా దక్కిందా అంటే, అదీ లేదు. ఆరున్నరకల్లా అరవై మంది పళ్ళాల ముందు కూర్చుంటారు. ఆమె సూప్ వడ్డిస్తుంది. సూప్‌తో పాటు అతనికి ఒక చూపు అదనం. అంతలో ఒకరికి ఉప్పు కావాలి, ఇంకొకరికి టీ నీళ్ళు కావాలి, మరొకరికి కాలి బొబ్బకు ప్లాస్టర్ కావాలి. గిన్నెలు కడిగేసరికి దీపాలార్పే వేళ. ఫైట్ మనసులో లెక్క వేసుకున్నాడు. వారానికి ఆరు నిమిషాల మాటలు. పదకొండు వారాలకు కలిపి గంటా ఆరు నిమిషాలు. అందులో సగం వాతావరణం.

పదకొండో గురువారం, గిన్నెలు తుడుస్తూ లేనీ చెప్పింది.

“ఈ వేసవికి హట్ నడిపి చూడమని ఇచ్చారు నాకు. నచ్చిందట హట్ సొంతదారు క్లబ్బు వాళ్ళకి. ఐదేళ్ళకి రాసిస్తామంటున్నారు. వచ్చే వారం ఆదివారంలోగా ఏ సంగతీ చెప్పాలి.”

“ఏం చెప్తావ్?”

“వద్దని. సరస్సు పక్కన బ్రెగెంజ్‌లో హోటల్ ఉద్యోగం ఉంది.”

“ఎందుకు వద్దు?”

ఆమె చేతిలో గుడ్డ ఆగింది. “ఇక్కడికి అందరూ సాయంత్రం వస్తారు, పొద్దున్నే పోతారు. రోజూ ఆరింటికి ఆ గుమ్మంలో నిలబడి చెయ్యూపాలి. ఒక వేసవి ఊపాను. ఐదేళ్ళు ఊపితే చెయ్యి పడిపోతుంది.”

ఫైట్ గొంతు సవరించుకున్నాడు. పదకొండు వారాల మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే వంటగది కిటికీలోంచి ఒక తల దూరి, “అమ్మాయ్, కాసిని వేడి నీళ్ళు దొరుకుతాయా?” అంది. నీళ్ళు వేడెక్కాయి. మాట చల్లారిపోయింది.

అందుకే ఈ పన్నెండో గురువారం అతని కాళ్ళు గుంపును లాక్కుని ఎప్పటికంటే అరగంట ముందే హట్ చేరాయి. సీజన్‌లో ఇదే ఆఖరి గుంపు. హట్ ఆదివారం మూసేస్తారు. సాయం చేసే అమ్మాయిలిద్దరూ అప్పటికే దిగి వెళ్ళిపోయారు. మిగతా మంచాలన్నీ ఖాళీ. చెప్తే ఇవాళే చెప్పాలి, లేదంటే బ్రెగెంజ్ సరస్సుకి వెళ్ళి చేపలకి చెప్పుకోవాలి.

గుంపులో ఇర్మ్‌గార్డ్ అని ఒక పెద్దావిడ ఉంది. లింజ్‌లో రైల్వే గార్డుగా రిటైరైంది. పేరులో గార్డు, ఉద్యోగం గార్డు, కళ్ళు కూడా గార్డువే. ఏ పెట్టెలో ఏం జరుగుతోందో ఆమెకు తెలియకుండా ఉండదు.

“బాబూ ఫైట్, నీ సూప్ చల్లారిపోతోంది. నువ్వు కళ్ళతో తాగుతున్నావా ఏంటి?” అంది సాయంత్రం.

“తాగుతున్నా గార్డ్ గారూ.”

“వంటగది తలుపు వైపు తిరిగి తాగితే జీర్ణమవుతుందా?”

బల్ల చుట్టూ ఏడుగురూ నవ్వారు. ఫైట్ చెవులు ఎర్రబడ్డాయి. లేచి వంటగదిలోకి వెళ్ళాడు. ఒక్కతే తొమ్మిది మందికి వండి వడ్డించిన లేనీ, గోడకి చేరబడి నిలబడే నిద్రపోతోంది. ఆ ముఖాన్ని చూశాక లేపి ప్రేమ చెప్పడానికి అతనికి మనసొప్పలేదు. గిన్నెలన్నీ కడిగి, బోర్లించి, వచ్చి పడుకున్నాడు.

శుక్రవారం పొద్దున ఐదున్నరకి లేచేసరికి పడమటి వైపు ఆకాశం బూడిద రంగులో ఉంది.

ఫైట్ గుమ్మం బయట నిలబడి చాలాసేపు చూశాడు. రేడియోలో మధ్యాహ్నం తర్వాత మంచు అన్నారు. అతనికెందుకో అంతసేపు ఆగదనిపించింది. ఆగుదాం, ఇవాళ కదలొద్దు, అంది లోపలి గొంతు. ఆ గొంతు గైడ్‌దా, ప్రేమికుడిదా? అక్కడే వచ్చింది చిక్కు. పదకొండు శుక్రవారాలు తుఫాను రావాలని మొక్కుకున్నాడు. పదకొండు సార్లూ ఎండ కాసింది. అలాంటివాడికి పన్నెండోసారి తుఫాను కనబడుతోందంటే, తన కళ్ళను తనే నమ్మడం ఎలా?

ఆ కొండల్లో గైడ్‌కి అనుమానమొస్తే హట్ నడిపేవాళ్ళను అడుగుతాడు. వాళ్ళకి తమ కనుమ తెలుసు. వాళ్ళు వద్దంటే ఎంతటి గైడైనా తాడు చుట్టి పక్కన పెడతాడు.

లేనీ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

“ఏమంటావ్?” అన్నాడు ఫైట్, పడమర చూపించి.

ఆమె కనుమ వైపు చూసింది. అతని వైపు చూడలేదు. “మధ్యాహ్నం తర్వాతేగా అన్నారు. పదింటికల్లా దాటేస్తారు. వెళ్ళొచ్చు” అంది.

“వెళ్ళమంటావా?”

“వెళ్ళు.”

ఆ ఒక్క మాటతో ఫైట్ లోపల మంచు అప్పుడే పడిపోయింది. ఉండమని అనలేదు. అనాలనిపిస్తే అనేదిగా. సరే, పదండి, అన్నాడు గుంపుతో. ఎప్పటిలా ఆమె గుమ్మంలో నిలబడి చెయ్యూపింది. అతను వెనక్కి తిరిగి చూడలేదు.

ఎనిమిదింటికి తొలి మంచు రవ్వ ఇర్మ్‌గార్డ్ ముక్కు మీద వాలింది. ఇంకో పావుగంటకి ముందు నడిచే మనిషి వెనకున్నవాళ్ళ కంటికి ఆనడం మానేశాడు. బండ మీద ఇనుప గొలుసులు పట్టుకుని ఎక్కాల్సిన చోటు ఇంకా పైనుంది. ఫైట్ అందర్నీ ఒకే తాటికి కట్టాడు. కట్టిన రెండు నిమిషాలకి గుంపులోని బ్యాంకు ఉద్యోగి కాలు జారి, మూడు మీటర్లు కిందికి పోయి తాడు మీద ఆగాడు. మోకాలు చీరుకుంది, అంతే. కానీ తాడు బిగుసుకున్న ఆ క్షణంలో ఫైట్‌కి అర్థమైంది. వీళ్ళని ఇక్కడికి తెచ్చింది తను. తన కళ్ళు నిజమే చెప్పాయి. తన మీద తనకున్న అనుమానంతో తెచ్చాడు.

“వెనక్కి వెళ్తున్నాం” అన్నాడు. “నేను పొరపాటు చేశాను.”

“వెనక్కి నడిపితే రైలు పరువేం పోదు” అంది ఇర్మ్‌గార్డ్. “నడు.”

మధ్యలో దారి గుర్తులన్నీ మంచు కింద పూడిపోయాయి. రెండు గంటలు పట్టింది. హట్ చిమ్నీ పొగ కంటే ముందు వాళ్ళకి లేనీ కనబడింది. కోటు లేదు. జుట్టు నిండా మంచు. గుమ్మంలో కాదు, హట్‌కి రెండొందల అడుగుల దూరాన దారి మీద నిలబడి వేలు చూపిస్తూ తలలు లెక్కపెడుతోంది.

“ఏడు... ఎనిమిది...” తొమ్మిదోవాడు ఫైట్. ఆ అంకె ఆమె లెక్కపెట్టలేదు. అక్కడే మంచులో కూర్చుండిపోయింది.

“తప్పు నాది” అంది లేనీ, అతను దగ్గరికి రాగానే. “నేనే వెళ్ళమన్నాను.”

“వెళ్ళింది నేను. గైడ్‌ని నేను. తప్పు నాది.”

“నన్నడిగావు కాబట్టి నాది.”

“తప్పు ఎక్కడికీ పోదు, లోపలికెళ్ళి చెరిసగం పంచుకోండి” అంది ఇర్మ్‌గార్డ్. “ఇక్కడ నా కాళ్ళు రాళ్ళయిపోతున్నాయి.”

లోపలికి రాగానే ఆవిడ వంటగదిని స్వాధీనం చేసుకుంది. బ్యాంకు ఉద్యోగి మోకాలికి కట్టు కట్టించుకుని ఉల్లిపాయలు కోయడానికి కూర్చున్నాడు. ఇద్దరు టీచర్లు గుడ్లు గిలకొట్టారు. లేనీ అడ్డుపడబోతే ఇర్మ్‌గార్డ్ గరిటె చూపించింది.

“నువ్వెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చో. అతిథివి ఇవాళ. ఫైట్, నువ్వు కూడా.”

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. వేసవి మొత్తంలో ఇదే మొదటిసారి. చేతిలో గిన్నె లేకుండా, గుడ్డ లేకుండా ఎలా మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. వంటగదిలో ఉల్లిపాయల కత్తి టకటకలాడుతోంది. బయట మంచు పడుతోంది.

“ఆ మబ్బు అలా కనుమ మీద కూర్చుంటే రేడియో చెప్పినదానికంటే ముందే వస్తుంది మంచు” అంది లేనీ, బల్ల వైపు చూస్తూ. “ముసలాయన చెప్పి వెళ్ళాడు. నాకు తెలుసు.”

“తెలిసీ వెళ్ళమన్నావా?”

“ఉండమని నోటిదాకా వచ్చింది. ఈ మాట కనుమను చూసి అంటున్నానా, నిన్ను చూసి అంటున్నానా అనిపించింది. పదకొండు వారాలుగా శుక్రవారం వస్తే చాలు, వాన పడాలని కోరుకున్న దాన్ని నేను. నా మాట నేనే నమ్మలేదు. ఎనిమిది మంది ప్రాణాలు కదా, నా కోరిక కొద్దీ చెప్పకూడదనుకున్నా. తీరా చూస్తే...” ఆమె జుట్టులో కరుగుతున్న మంచు తుడుచుకుంది. “మంచు మొదలవగానే మీ వెనక పరిగెత్తాను. మీరు కనబడలేదు.”





“నేనూ పదకొండు సార్లు మొక్కుకున్నా” అన్నాడు ఫైట్. “తుఫాను రావాలని. నాకూ అదే అనుమానం. అందుకే నిన్నడిగా.”

 ఇంత నిజాయితీగా ఇంత పెద్ద తప్పు చేసిన వాళ్ళు ఆ కొండల్లో ఇంకొకరుండరు.

“లేనీ, బ్రెగెంజ్ వెళ్ళకు.”

“ఉండి ఏం చేయను? నువ్వు దారి మనిషివి. ఆరింటికి బయల్దేరకపోతే నీ కాళ్ళు దురదపెడతాయి. నేను మళ్ళీ గుమ్మంలో.”

“బయల్దేరతాను. కానీ ఇక్కణ్ణుంచి బయల్దేరి ఇక్కడికే వస్తాను. వారం పొడుగు ట్రెక్కులు ఇంకొకడికి ఇచ్చేస్తా. ఇక్కడే ఉండి, వచ్చినవాళ్ళని ఎదురుగా ఉన్న శిఖరం ఎక్కించి, సూప్ వేళకి తిరిగొస్తా.”

“రోజూనా?”

“రోజూ. మంచు పడే రోజైతే అసలు కదలను.”

“మంచు పడుతుందో లేదో చెప్పేదెవరు? మనిద్దరి మాటా నమ్మడానికి లేదుగా.”

“ఇర్మ్‌గార్డ్ గారికి ఫోన్ చేద్దాం.”

లేనీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అతను బల్ల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి మీద ఆమె చెయ్యి వచ్చి వాలింది. వంటగదిలో కత్తి చప్పుడు ఆగిపోయింది. ఆగి చాలాసేపైందని ఇద్దరికీ అప్పుడు తెలిసింది.

మూలనున్న ఫోన్ మోగింది. క్లబ్బు కార్యదర్శి. ఈ మంచుకి ఆదివారం పైకి రాలేననీ, ఏ సంగతీ ఇప్పుడే చెప్పేయమనీ అడుగుతున్నాడు. లేనీ ఫోన్ పట్టుకుని, వంటగది కిటికీలోంచి వేలాడుతున్న ఎనిమిది తలలను ఒకసారి చూసింది.

“ఐదేళ్ళే కదా, సరే” అంది. “కానీ ఒకటి రాసుకోండి. గైడ్ల గదిలో మంచాలు నాలుగని మీ పుస్తకంలో ఉంటుంది. వచ్చే వేసవి నుంచి మూడే ఇవ్వగలం.”

అవతలి గొంతు ఏదో అడిగింది.

“విరగలేదండీ” అంది లేనీ, ఫైట్ వైపు చూస్తూ. “ఆ మంచం, గైడ్‌తో సహా, నా గదిలోకి మారుతోంది.”