రెండో పట్టా చూడని కీమ్యాన్

చెరుకు రసం గ్లాసు సగమైనా ఖాళీ కాకముందే హార్వే ప్రాణం పోయింది.

పట్టపగలు. పవర్ హౌస్ రైల్వే స్టేషన్ బయట, ఆటోల మధ్య. గ్లాసు అందించిన మనిషి గుంపులో కలిసిపోయాడు. హార్వే మోకాళ్ల మీద కూలబడి, ఎవరికో మొక్కుతున్నట్టు ముందుకు వాలాడు. వడదెబ్బ అనుకుని జనం నీళ్లు చల్లారు. పెదాలు నీలం తిరిగేదాకా ఎవరికీ అనుమానం రాలేదు.

మూడు రోజుల తరవాత, సుపేలా బజారులో గడియారాలు బాగుచేసే షాపు మెట్లెక్కింది ఏజెంట్ రోహిణి.

"సీటు దొరికిందా?" కౌంటర్ దగ్గర ముసలాయన భూతద్దం తీయకుండానే అడిగాడు.

"లేదు. నిలబడే వచ్చాను."

కోడ్ సరిపోయింది. తెర తొలిగింది. వెనక గదిలో చీఫ్ పరంజ్యోతి హార్వే ఫొటోను ఆమె ముందుకు తోశాడు.

"ఎవరో తెలుసా?"

"లోకల్ రైళ్ల ప్లానింగ్ సెల్ ఇంజనీర్, సర్. దుర్గ్ నుంచి రాయపూర్ దాకా పావుగంటకో లోకల్, కొత్త హాల్టులు, తరవాత రాజ్‌నాంద్‌గావ్ వైపు పొడిగింపు. ఆ మ్యాపు గీసింది ఈయనే."

"ఆ నెట్‌వర్క్ మొదటి ట్రయల్ రన్ రేపే. పదకొండుకి దుర్గ్‌లో బయలుదేరుతుంది. నాలుగువందల మంది. స్టీలు ప్లాంటు కార్మికులు, కాలేజీ పిల్లలు, కమిటీ మెంబర్లు. చనిపోయే ముందు హార్వే నాకు ఫోన్ చేశాడు. లైను పక్కన సిగ్నల్ పెట్టె ఒకటి ఎవరో తెరిచి ఏదో బిగించారు, ఏ పెట్టో ఎదురుగా వచ్చి చెబుతానన్నాడు. రాలేదు."

"బిగించింది?"

"ఆర్కిడ్."

రోహిణి వెన్ను నిటారైంది. మూడు దేశాలు వెతుకుతున్న ముఠా.

"రైలు గుద్దుకుంటే మన సిగ్నలింగ్ పరువు పోతుంది. కాంట్రాక్టు వాళ్ల ముసుగు కంపెనీకి పోతుంది. ఆ తరవాత ఈ లైను మీద ఏ బండి ఎక్కడ ఆగాలో, ఎక్కడ పల్టీ కొట్టాలో చెప్పే మీట వాళ్ల చేతిలో ఉంటుంది."

అప్పుడే తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన, తరవాత నల్ల కళ్లద్దాలు, ఆ తరవాత ఆకుపచ్చ పట్టుచీర లోపలికి వచ్చాయి. ఫ్లోరా. ఆ ముసుగు కంపెనీలో కన్సల్టెంట్‌గా చేరిన మన గూఢచారి.

"పెట్టె దుర్గ్ పక్కనే," అంది ఫ్లోరా, కళ్లద్దాలు తీస్తూ. "నా చెవులతో విన్నాను."

"స్క్వాడ్ అంతా దుర్గ్‌కి," పరంజ్యోతి తేల్చేశాడు. "రోహిణీ, నువ్వు నీ వేషంలోనే పవర్ హౌస్ వంతెన మీద ఉండు. ప్రయాణికుల సర్వే. ఇదిగో రాసుకోడానికి ఉక్కు అట్ట, ఇదిగో పెన్ను. క్యాప్ రెండుసార్లు నొక్కితే మత్తు సూది. ఒక్కటే ఉంది. దుబారా చెయ్యకు."

రోహిణి కదల్లేదు. "సర్, ఆ బండికి అసిస్టెంట్ లోకో పైలట్..."

"మనోజ్‌కుమార్. తెలుసు. పెళ్లై ఎన్నాళ్లు?"

"యాభై రెండు రోజులు."

పరంజ్యోతి ఒక్క క్షణం కళ్లు దించుకున్నాడు. "ఇంట్లో ఒక్క ముక్క కూడా చెప్పకూడదు."

మర్నాడు పొద్దున్న సెక్టార్లోని తమ క్వార్టర్లో రెండు కప్పుల్లో టీ పోసింది రోహిణి. ఇద్దరూ ఒకే కప్పులో తాగారు. రెండో కప్పు ఎప్పటిలాగే చల్లారిపోయింది. తడి తల తుడుచుకుంటూ మనోజ్ ఈల వేస్తున్నాడు.

"మీ సర్వేలో నన్నూ రాసుకోవే. ఎక్కే స్టేషనూ నువ్వే, దిగే స్టేషనూ నువ్వే."

"బావా..." అంది. క్యారేజీ అతని చేతికిచ్చింది. "జాగ్రత్త."

"అరే, ట్రయల్ రన్‌కే ఇంత మొహం ఏటే?" నవ్వుతూ క్యారేజీ పట్టుకుని వెళ్లిపోయాడు. అతను వీధి మలుపు తిరిగాక గాని ఆమె చూసుకోలేదు, ఆవకాయ డబ్బీ గట్టు మీదే ఉండిపోయింది. తీసి తన సంచిలో వేసుకుంది.

పదీ నలభైకి ఆమె వంతెన మీద ఉంది. చేతిలో అట్ట, కళ్లు లైను మీద. రాయపూర్ వైపు, కాషాయం జాకెట్ వేసుకుని తలకి తువ్వాలు చుట్టిన కీమ్యాన్ ఒకడు ఎడమ పట్టా వెంట సుత్తితో తడుతూ వెళుతున్నాడు. ఆ బీటు అప్పలకొండ బాబాయ్‌ది. ఇవాళ సెలవు పెట్టాడేమో, బదులు మనిషిని పంపారనుకుంది.

వాడు దూరంగా ఒక సిగ్నల్ పెట్టె దాకా వెళ్లి వెనుదిరిగాడు. తడుతూ వస్తున్నాడు. అదే పట్టా వెంట.

రోహిణి పెన్ను ఆగిపోయింది.

ఆమె తండ్రి నూకరాజు ముప్ఫై ఏళ్లు కీమ్యాన్. రోజూ మైళ్లు నడిచి, పట్టాల్ని పట్టి ఉంచే క్లిప్పులు వదులయ్యాయేమో చూసేవాడు. చిన్నప్పుడు ఎన్నిసార్లు విందో ఆ మాట: "పోయినప్పుడు ఒక పట్టా, వచ్చినప్పుడు రెండోది. ఒకే పట్టా రెండుసార్లు సూసినోడు కీమ్యాన్ కాడమ్మా, షికారుకొచ్చినోడు."

వాడు మళ్లీ వెనక్కి తిరిగి అదే పెట్టె దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

రోహిణి ఫోన్ తీసింది. సిగ్నల్ సున్నా. రెండో సిమ్ కూడా సున్నా. ఎవరో జామర్ ఆన్ చేశారు. పదకొండు దాటి రెండు నిమిషాలు. బండి దుర్గ్‌లో బయలుదేరే ఉంటుంది. పవర్ హౌస్‌లో ఆగదు.

మెట్లు దిగి లైను పక్కన పరుగు తీసింది. దగ్గరికొచ్చేసరికి చెమట తుడుచుకుని, నవ్వు తగిలించుకుంది.

"భయ్యా, ఏక్ మినిట్. రైల్వే సర్వే. ఇక్కడ సైన్ చేస్తే చాలు."

"బాద్ మే ఆనా." తరవాత రమ్మన్నాడు వాడు.

"టార్గెట్ పూర్తి కాకపోతే మా మేడమ్ చంపేస్తుంది భయ్యా."

విసుగ్గా చెయ్యి చాపాడు. పెన్ను అందిస్తూ క్యాప్ రెండుసార్లు నొక్కింది. వాడు తన వేలి వంక ఆశ్చర్యంగా చూసుకుని కంకర మీద ఒరిగిపోయాడు.

పెట్టె తలుపు లాగింది. వైర్ల మధ్య అరచేయంత నల్లటి యంత్రం, కన్ను కొడుతున్న నీలం దీపం. ఇనుప చట్రంలో బిగించి ఉంది, ఊడదు. తలెత్తి చూస్తే సిగ్నల్ పచ్చగా ఉంది. మలుపు అవతల, అదే లైను మీద, ప్లాంటు పట్టాలు నింపుకున్న గూడ్సు కదలకుండా నిలబడి ఉంది.

"సీటు దొరికిందా, చెల్లీ?"

వెనక్కి తిరిగింది. ఫ్లోరా. ఒక క్షణం ప్రాణం లేచి వచ్చింది. మరుక్షణం ఆ చేతిలో చిన్న పిస్తోలు కనిపించింది. దుర్గ్‌లో ఉండాల్సిన మనిషి ఇక్కడుంది.

"నువ్వా!"

"వాళ్లు ఎక్కువిచ్చారు. అంతే, పెద్ద కథేం లేదు." కింద పడున్నవాణ్ణి చెప్పు కొనతో కదిపింది. "దద్దమ్మ. ఎలా పట్టుకున్నావు? జాకెట్, సుత్తి, బ్యాగు, ఒక్కటి కూడా తగ్గకుండా చూశాను. బ్యాగు అసలువాడిదే."

రోహిణి అప్పుడు చూసింది. ఖాకీ గుడ్డ బ్యాగు, మూతమీద సున్నంతో రాసిన 'అ'. యాభై రెండు రోజుల కిందట తన పెళ్లి పందిట్లో వడ్డనకు నిలబడ్డ మనిషిది.

"అప్పలకొండ బాబాయ్ ఏడీ?"

"ఇక బీటు తిరగక్కర్లేదు ఆయనకి." ఫ్లోరా వాచీ చూసుకుంది. బ్యాగులోంచి ఎర్రజెండా లాగి మురిక్కాలవలోకి విసిరింది. "నాలుగు నిమిషాలు. ఫోన్ లేదు, రేడియో లేదు, జెండా లేదు, సిగ్నల్ పచ్చ. ఇంజన్లో మీ ఆయనకి మనసులో ఏమైనా చెప్పుకో."

రోహిణి చెప్పుకోలేదు. ఉక్కు అట్టను ఎదురుగా విసిరింది. పిస్తోలు పేలింది, గుండు అట్టను తాకి ఖణేల్మంది, అట్ట వెళ్లి ఫ్లోరా మణికట్టు మీద పడింది. పిస్తోలు కంకరలోకి జారింది. ఫ్లోరా దాని కోసం వంగేసరికి, రోహిణి ఖాకీ బ్యాగు భుజాన వేసుకుని బండి వచ్చే వైపు పరిగెడుతోంది.

వెనక రెండు చప్పుళ్లు. ఎడమ భుజంలో నిప్పు దిగింది. ఆగలేదు.

బ్యాగు అడుగున చెయ్యి పెట్టింది. రేకు డబ్బా. ఏ కీమ్యానూ అది లేకుండా లైను మీదకు రాడు. లోపల బూట్‌పాలిష్ డబ్బీల్లాంటి డిటొనేటర్లు. పట్టా మీద కట్టి వదిలితే చక్రం కింద పేలతాయి. ఆ చప్పుడు వింటే సిగ్నల్ ఏ రంగులో ఉన్నా డ్రైవరు బ్రేకు వెయ్యాల్సిందే. కంప్యూటర్లు రాకముందు నుంచీ ఉన్న పద్ధతి. ఏ జామరూ దాని నోరు నొక్కలేదు.

పవర్ హౌస్ ప్లాట్‌ఫాం అవతల బండి హెడ్‌లైటు కనిపించింది. పట్టాలు సన్నగా మూలగడం మొదలుపెట్టాయి.

మొదటిది. రేకు చెవులు పట్టా కిందకు వంచింది. పది అడుగులు. రెండోది. రక్తంతో వేళ్లు జారాయి. హారన్ కేక పెట్టింది. పది అడుగులు. మూడోది. చెవి వంగలేదు. పళ్లు బిగించి మడమతో నొక్కింది, వంగింది. పక్కకు దొర్లింది.

ధన్! ధన్! ధన్!

బ్రేకులు అరిచాయి. రైలు పెట్టె తరవాత పెట్టె ఆమె మొహం పక్కగా, నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా, నిప్పురవ్వలు రాలుస్తూ కదిలి, కదిలి, బండి మలుపులో ఆగింది.

బండికి కాపలాగా వచ్చిన రైల్వే జవాన్లు దూకి, పిస్తోలుతో ఉన్న ఫ్లోరాను చుట్టుముట్టినప్పుడు ఆమె పరిగెత్తలేదు. రోహిణి భుజాన ఉన్న ఖాకీ బ్యాగునే చూస్తూ నిలబడింది. వేషంలో ఆ బ్యాగు ఒక్కటి తగ్గించుకున్నా సరిపోయేది.

రోహిణి బండి పక్కనుంచి ముందుకు నడిచింది. ఇంజను ముక్కుకీ గూడ్సు చివరి పెట్టెకీ మధ్య ఇరవై అడుగులు లేవు.

"కౌన్ హై రే! పటాకాలు పెట్టిందెవడ్రా!" ఇంజన్లోంచి దూకిన మనోజ్ గూడ్సును చూసి కొయ్యబారిపోయాడు. తరవాత భార్యను చూశాడు. "రోహిణీ? నువ్వేటే ఇక్కడ? ఆ రక్తమేటి?"

ఒక్క ముక్క కూడా చెప్పకూడదు. ఆమె తన సంచిలోంచి చిన్న డబ్బీ తీసి అతని చేతిలో పెట్టింది.

"క్యారేజీలో ఆవకాయ పెట్టడం మర్చిపోయాను, బావా."

అతను గూడ్సు వంక చూశాడు, డబ్బీ వంక చూశాడు.

"ఆవకాయ కోసం మూడు పటాకాలు పేల్చీసి బండి ఆపీసినావేటే?"

"రెండే చాలనుకున్నాను," అంది, అతని మీదకు వాలిపోతూ. "నువ్వు ఈల వేసుకుంటూ వస్తావని మూడోది కూడా పెట్టాను."