ముటుంగా చెక్కిన అచ్చు

సోమవారం పొద్దున్న 6.10.

కిసిమాని వాడలోని చెక్కుడు షెడ్డు తలుపు తీసింది స్యోంబువా. మొదట కనిపించినవి తండ్రి కాళ్లు.

ముటుంగా చెక్కపొట్టులో బోర్లా పడి ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. తల వెనక చితికిపోయింది. పక్కనే అతని సొంత బాడిస. దాని మొద్దు వైపు రక్తం గడ్డకట్టి ఉంది.

డబ్బుపెట్టె జోలికి ఎవరూ పోలేదు. షిల్లింగులు ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయింది ఒక్కటే. గోడ మేకుకు వేలాడే చెక్క అచ్చు.

మొంబాసా వ్యాపారులకు అదొక చెక్కముక్క. వాడకు అదే గంజి, అదే రొట్టె. టూరిస్టులు రాని నెలల్లో దళారి ముసెంబి ఏనుగు బొమ్మకీ జిరాఫీ బొమ్మకీ సగం ధర ఇచ్చేవాడు. ఆకలి మీదున్నవాడు బేరమాడతాడా? తలవంచుకుని ఇచ్చేవాడు. నాలుగేళ్ల కింద ముటుంగా ఈ అచ్చు చెక్కాడు. స్యోంబువా గంజి పెట్టిన గుడ్డమీద నీలిరంగుతో అచ్చేసింది. ఆ గుడ్డనోటుకు టెజో అని పేరు. డోలు కొట్టేవాడూ, బోర్డులు రాసేవాడూ, బొమ్మలు చెక్కేవాడూ వాడవాళ్లకు పనిచేసి టెజోలు తీసుకుంటారు. వాడలోనే పిండీ కిరసనాయిలూ కొనుక్కుంటారు. ముసెంబి గుమ్మం తొక్కే జనం సగానికి పడిపోయారు.

అచ్చు పోయిన మూడో రోజుకే కొట్లవాళ్లు టెజోలను అనుమానంగా తిప్పి చూడటం మొదలెట్టారు. బుధవారం సాయంత్రం నాలుగింటికి పోలీసులు స్యోంబువానే పట్టుకుపోయారు.

*

గురువారం, 11.40. పోలీస్ స్టేషన్.

"రెండింటికి కోర్టులో పెడుతున్నా," అన్నాడు చీఫ్ ఇన్‌స్పెక్టర్ బరాసా. "మర్డర్ కేసు. ఆదివారం సాయంత్రం ఆరింటికి తండ్రితో పోట్లాడింది. ఆ అరుపులు వీధంతా విన్నారు. ఇంకేం కావాలి?"

"అచ్చు కావాలి సార్," అంది సార్జంట్ మ్కావాసి.

"పొయ్యిలో పెట్టి ఉంటుంది."

"వాడలో ప్రతి పొయ్యిలో బూడిద జల్లెడ పట్టాం. సముద్రం పోటు తగ్గినప్పుడు ఒడ్డంతా వెతికించాం. ముసెంబి గోడౌన్ కూడా తిరగేశాం. ఎక్కడా లేదు."

"రెండింటిదాకా టైముంది. ఆ తర్వాత నా చేతుల్లో లేదు."

మ్కావాసి లాకప్ ముందు పీట వేసుకుని కూర్చుంది. స్యోంబువా చేతులు మణికట్టు దాకా నీలిరంగు. రంగు పోకపోవడం కూడా సాక్ష్యమేనని రాసుకున్నారు ఎఫ్ఐఆర్‌లో.

"పోట్లాట దేనికి?"

"కొత్తగా ఆరుగురు డోలువాళ్లు చేరారు. వాళ్లకి ఇంకో వంద అచ్చేద్దామన్నా. నాన్న ఒప్పుకోలేదు. వాళ్లు ముందు పని చేయాలి, నోటు తర్వాత పుట్టాలి అన్నాడు. నేను అరిచా. అంతే అఫాండే." పోలీసులని వాడలో అలాగే పిలుస్తారు.

"షెడ్డు తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"తాళమా? గడియే సరిగ్గా పడదు."

"అచ్చు ఎంత ఉంటుంది?"

"అరచెయ్యంత వెడల్పు. రెండు పిడికిళ్ల మందం."

"ఏం చెక్క?"

"ఎంపింగో. అసలు నల్లచెక్క. మా తాత సరిహద్దు అవతల్నుంచి నెత్తిన మోసుకొచ్చాడు. అలాంటిది వాడలో ఇంకోటి లేదు. ఇప్పుడంతా జకరండా చెక్కేగా. బూటు పాలిష్ పూసి నల్లచెక్క అని అమ్ముతారు. మా నాన్నా అదే చేసేవాడు, దాచడం ఎందుకు?"

మ్కావాసి లేవబోయి మళ్లీ కూర్చుంది.

"అలాంటి చెక్కని మీవాళ్లు ఎవరైనా పొయ్యిలో పెడతారా?"

స్యోంబువా మొదటిసారి నవ్వింది. ఆ నవ్వులో ప్రాణం లేదు. "ఇక్కడి చెక్కుడుగాడు పెళ్లాన్నైనా వదిలేస్తాడు గానీ మంచి చెక్కని వదలడు అఫాండే."

టైము 12.15.

*

12.50. చెక్కుడు షెడ్డు ముందు వాకిలి.

చెక్కేవాళ్లు పదకొండు మంది గోడవారగా నిలబడ్డారు. ముసెంబి కారుకి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. అమ్మకానికి పెట్టే ఉమ్మడి బల్లమీద ఏనుగులు, ఖడ్గమృగాలు, మసాయి వీరులు. అన్నీ నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒక్కోదాని అడుగున చెక్కినవాడి నంబరు.

మ్కావాసి ప్లాస్టిక్ టబ్బులో నిండా నీళ్లు పోయించింది.

"ఏం చేస్తారు అఫాండే, మా బొమ్మలకి స్నానమా?" అన్నాడొకడు.

ఒక్కో బొమ్మ తీసి నీళ్లలో వేసింది. ఖడ్గమృగం తేలింది. వీరుడు తేలాడు. జిరాఫీ పక్కకి ఒరిగి తేలింది. పాలిష్ కరిగి నీళ్లు మురికిగా మారాయి.

పిడికిలంత ఏనుగు ఒకటి వేసింది.

అది రాయిలా అడుక్కి పోయింది.

నీళ్లలో మునిగేది ఎంపింగో ఒక్కటేనని అక్కడ ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు.

మ్కావాసి చెయ్యి పెట్టి తీసి తిరగేసింది. అడుగున సన్నటి నెర్రె. నెర్రెలో వెంట్రుకంత నీలిరంగు. పక్కన నంబరు 41.

"నలభై ఒకటి ఎవరు?"

కిలోంజో ముందుకొచ్చాడు. ముటుంగాతో ముప్పై ఏళ్లు ఒకే చాప మీద కూర్చుని చెక్కినవాడు. శవాన్ని మోసినవాళ్లలో ముందు నిలబడినవాడు.

"మేమందరం పొయ్యిలు వెతికాం, గోడౌన్లు వెతికాం," అంది మ్కావాసి. "బయటివాడు తీసుకెళ్తే కాల్చేస్తాడు, సముద్రంలో పడేస్తాడు. చేత్తో తాకాక దాన్ని పాడుచేయలేనివాడు చెక్కేవాడొక్కడే. అందుకే కళ్లముందు బల్లమీదే ఉంది, ఎవరూ చూడలేదు. నంబరెందుకు వేశావు పెద్దాయనా?"

"నంబరు లేకపోతే అమ్ముడుపోదు." "నా భార్య ఆస్పత్రిలో ఉంది. ఆపరేషన్‌కి టెజోలు తీసుకోరంట. షిల్లింగులే కావాలంట. ముటుంగాని అడిగా. ఉన్నవి ఇస్తానన్నాడు. ఉన్నవి చాలవు."

"తర్వాత?"

"ముసెంబి చెప్పాడు. అచ్చు తెచ్చివ్వు, యాభై వేలు ఇస్తా. నోట్లు చస్తే మీరంతా మళ్లీ నా దగ్గరికే వస్తారు, అన్నాడు. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి షెడ్డుకి వెళ్లా. ముసలాడు అక్కడే పడుకున్నాడు. లేచాడు. పేరు పెట్టి పిలిచాడు. ఆ పిలుపు ఆపాలనే... బాడిస చేతికొచ్చింది."

"డబ్బు ఇచ్చాడా?"

"రక్తం అంటిన సరుకు నాకొద్దు, నువ్వెవరో నాకు తెలియదు అన్నాడు."

ముసెంబి ఫోన్‌లోంచి తలెత్తాడు. "హంతకుడి మాట నమ్ముతారా? కాగితం ఉందా? సాక్షి ఉన్నాడా?"

లేడు. అది మ్కావాసికి తెలుసు. ముసెంబికీ తెలుసు. చట్టం బాడిస పట్టిన చెయ్యిని చూస్తుంది. పట్టించినవాడి జేబు దాకా దానికి చూపు ఆనదు.

సంకెళ్లు పడుతుంటే కిలోంజో ఒక్కటే అడిగాడు. "నా భార్యకి ఎవరు చెప్తారు?"



*

1.50. బరాసా విసురుగా సంతకం పెట్టాడు. స్యోంబువా బయటికొచ్చింది. ఎవరు చంపారో మ్కావాసి చెప్పింది. ఆమె నిలబడి విన్నది. ఏడవలేదు.

గేటు దగ్గర కారు అద్దం దించాడు ముసెంబి.

"ఏమ్మా, కేసయ్యాక ఆ ఏనుగు నీకే వస్తుంది. అసలు ఎంపింగో. ఇరవై వేలు ఇస్తా."

"టెజోల్లో ఇస్తావా?"

"ఆ గుడ్డముక్కలు ఎవడికి కావాలి?"

"అయితే మా చెక్క నీకెందుకు? పో."

కారు వెళ్లిపోయింది. దాన్ని ఆపడానికి మ్కావాసి దగ్గర ఒక్క సెక్షను కూడా లేదు.

రోడ్డు అవతల జుమ్వా పిన్ని కొట్టు. స్యోంబువా బల్ల దగ్గర కూర్చుంది. కొబ్బరిపాలలో ఉడికిన కందులు, రెండు మహామ్రి రొట్టెలు ముందుకొచ్చాయి. నిన్నటి నుంచి ఆమె ఏమీ తినలేదు. గుడ్డనోటు తీసి బల్లమీద పరిచింది.

జుమ్వా పిన్ని నోటును అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె వెనకే వచ్చి పక్క బల్ల దగ్గర కూర్చున్న మ్కావాసి టీ తాగడం ఆపింది.

"అచ్చు ఏనుగైపోయిందంటగా," అంది పిన్ని.

"అయింది."

"బయట ఎన్ని ఉన్నాయి ఇంకా?"

"నాలుగొందల పన్నెండు. సగం చిరుగులు పట్టాయి."

"వర్షాలొచ్చేదాకా ఆగవు అవి."

"ఆగవు. రేపు పొద్దున్నే కొత్త అచ్చు చెక్కుతా."

"ఆడవాళ్లకి బాడిస ఎవడు నేర్పాడే ఇక్కడ? మనకిచ్చింది బొమ్మలు రుద్దే గరుకు కాగితమేగా. నీకు చెక్కడం వచ్చా?"

స్యోంబువా రొట్టె తుంచింది.

"రాదు," అంది.

పిన్ని నోటు మడిచి రవికెలో దోపుకుంది.