ఆ ఒక్క ప్లేయర్‌లో తప్ప

"మీ దగ్గర ఆడుతుంది, మా ఇంటికెళ్తే ఆడదు. ఇదేం విడ్డూరమండీ? దీనికి మీ షాపంటే అంత ఇష్టమా?"

కౌంటరు మీద డీవీడీ పెట్టి, చున్నీ కొసతో మొహం తుడుచుకుంటూ అడిగింది కృష్ణప్రియ. బయట వాన దంచేస్తోంది. బీరంగూడ రోడ్డు మీద ఆటోలు నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. సంగమేశ్‌కి వానంటే పరమ చిరాకు. ఇవాళ మాత్రం ఇంకో గంట కురిస్తే బాగుండుననిపించింది.

ఆమె రావడం ఇది మూడోసారి. కాజీపల్లిలో మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం. కంపెనీ బస్సు సరిగ్గా సంగమేశ్ టీవీ రిపేరు షాపు ముందే దింపుతుంది. వచ్చిన రెండుసార్లూ అతను డిస్కు తుడిచి తన ప్లేయర్‌లో పెట్టి చూపించాడు. రెండుసార్లూ బుద్ధిగా ఆడింది.

"డిస్కు మంచిగనే ఉన్నది మేడం. మీ ప్లేయరే ఖరాబైనట్టుంది."

"ఖరాబైతే సినిమా డిస్కులెలా ఆడుతున్నాయి? నిన్ననే అమ్మ ఒకటి మొత్తం చూసింది. ఇది పెడితే మాత్రం కాసేపు గిరగిరా తిరిగి, నా మొహం మీదే 'నో డిస్క్' అంటోంది."

మీ మొహం చూసి నో అనేటోడు ఎవడుంటడు మేడం అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"అట్లయితే ప్లేయర్ ఇటు తీస్కరాండ్రి. సూస్త."

"నాన్న ఇవ్వరు. ముప్పై అయిదేళ్లు ప్లాంటులో లేత్ మిషన్ మీద పని చేశారు. మిషన్ ఉన్న చోటికే మనిషి వెళ్లాలట."

సంగమేశ్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ఎల్లుండి నాన్నకి గొంతు ఆపరేషనండీ," అంది మెల్లగా. "తర్వాత గొంతు వస్తుందో రాదో చెప్పలేమన్నారు. వారం కిందట ఆస్పత్రి కాగితాలు వెతుకుతుంటే ఈ డిస్కు కనబడింది. పాతికేళ్ల సర్వీసైనప్పుడు ప్లాంటులో చేసిన సన్మానం. నాన్న స్టేజీ మీద అమ్మ గురించి మాట్లాడారట. అమ్మ వెళ్లలేదు. ఇంట్లో ఆడకపోతే పాడైందనుకుని అప్పుడే బీరువాలో పడేశాం. ఆ గొంతు పోకముందు, ఆయన పక్కన కూర్చుని అమ్మ ఒక్కసారి వినాలి."

రెండుసార్లూ పది సెకన్లు ఆడగానే ఆమె 'చాలు, ఆపేయండి' అన్నదెందుకో అతనికిప్పుడు అర్థమైంది. అమ్మకంటే ముందు తాను వినకూడదనుకుంది పిచ్చిపిల్ల.

"మేడం, పెన్‌డ్రైవ్‌ల ఎక్కించిస్త. పది నిమిషాల పని. ఫోన్ల గూడ సూడొచ్చు."

"పది నిమిషాలా?" కృష్ణప్రియ కళ్లు చిన్నవయ్యాయి. "ఈ మాట మొదటిసారే చెప్పొచ్చుగా?"

"చెప్పొచ్చు."

"మరెందుకు చెప్పలేదు?"

సంగమేశ్ నీళ్లు నమిలాడు. "యాదికి రాలే."

"నాన్న గొంతుకి డాక్టరిచ్చింది వారం గడువు. అందులో అయిదు రోజులు మీ మతిమరుపుకి పోయాయి."

అతను ఎక్కించిచ్చిన పెన్‌డ్రైవ్, డిస్కు తీసుకుని వానలోనే వెళ్లిపోయింది. గొడుగు ఇవ్వబోతే అటు చూడనైనా చూడలేదు. ఆ రోజు సంగమేశ్‌కి అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున ఫోను మోగింది.

"నాన్న ఫోన్లో చూడనంటున్నారు. ఫాల్టు దొరక్కుండా మిషన్ని వదిలేసి పక్కదారి పట్టడం పనివాడి లక్షణం కాదట. వస్తారా? కోపం తగ్గిందనుకోకండి."

"వస్త మేడం. కోపం ఉండనియ్యుండ్రి."

అతను వెళ్లేసరికి కృష్ణప్రియ నాన్న రాజారావు గారు స్క్రూడ్రైవరు, టార్చిలైటు, మెత్తటి గుడ్డ వరుసగా పేర్చి, ఆపరేషను తనకు కాదు ప్లేయర్‌కన్నట్టు కూర్చున్నారు. మాటలు పొదుపు చేయమన్నారు డాక్టరు. వచ్చే ఆ కాసింతా బొంగురుగా వస్తోంది. ఆయన భార్య నాగేశ్వరమ్మ టీ తెచ్చింది. కృష్ణప్రియ గుమ్మం దగ్గరే నిలబడింది, చేతులు కట్టుకుని.

సంగమేశ్ పైమూత విప్పాడు. రాజారావు గారు టార్చి సరిగ్గా లెన్సు మీదికి పట్టారు. చిన్న గాజు బొట్టు లాంటి ఆ లెన్సు ఎర్రగా మసకబారి ఉంది.

"సార్, గిది దుమ్ము కాదు," అన్నాడు సంగమేశ్, వేలికి అంటినది చూసి. "కుంకుమ."

నాగేశ్వరమ్మ భర్త వైపు తిరిగింది.

"ఏవండీ! ఆయుధపూజ!"

"మూత మీద బొట్టు అందానికి," అన్నారు రాజారావు గారు, తప్పు ఒప్పుకోకుండా. "పని జరిగే చోట పెట్టాలి. లేత్‌కి అలాగే పెట్టేవాళ్లం. దీనికి ట్రేలో పెట్టాను."

"ఏటేటా పెట్టారు నాన్నా! దీన్ని కొన్నదే దసరాకి!" కృష్ణప్రియ ఫక్కున నవ్వేసి, వెంటనే కోపం గుర్తొచ్చి మొహం మార్చుకుంది.

"సినిమా డిస్కులు ఫ్యాక్టరీల అచ్చేస్తరు, బాగ మెరుస్తయి సార్. లెన్సు మసకగున్నా చదువుతది. మీది కంప్యూటర్ల రాసిన డిస్కు. మెరుపు తక్కువ. దీనికి కండ్లు సాఫ్ ఉండాలె."

దూదికి స్పిరిట్ అద్ది రెండుసార్లు తుడిచాడు. డిస్కు పెట్టాడు. తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. టీవీలో స్టేజీ కనబడింది. నల్లటి జుట్టుతో రాజారావు గారు మైకు పట్టుకుని ఉన్నారు. గొంతు గది నిండా మోగింది.

"పాతికేళ్లలో ఒక్క షిఫ్టుకీ ఆలస్యంగా రాలేదని నాకు శాలువా కప్పారు. నాలుగింటికి లేచి క్యారేజీ కట్టింది నాగేశ్వరి. ఈ పేరు నాది కాదు, ఆవిడది. శాలువా కూడా ఆవిడదే."

నాగేశ్వరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "ఇంట్లో ఈ ముక్క ఒక్కసారైనా అన్నారా?"

"ఇది వింటావనే తెచ్చాను. ఆడలేదు."

"నోరుందిగా!"

రాజారావు గారు తల దించుకున్నారు. ఇంత మంచి గొంతు పెట్టుకుని పదేళ్లపాటు ఆయన చెప్పకుండా ఉండిపోయిన మాట అదొక్కటే. సంగమేశ్ వైపు తిరిగారు.

"నువ్వు చెప్పు బాబూ. పెన్‌డ్రైవ్ సంగతి మొదటి రోజే ఎందుకు చెప్పలేదు?"

ఈసారి సంగమేశ్ నీళ్లు నమల్లేదు.

"చెప్తే మేడం మళ్ల రాదని సార్. మీ గొంతు సంగతి తెల్వది. తెలిస్తే ఆ రోజే ఇస్తుంటి. తప్పయింది. కానీ మేడమంటే నాకిష్టం. అది మాత్రం తప్పనుకుంటలేను."

రాజారావు గారు కూతురి వైపు చూశారు. "ప్రియా?"

"రిపేరు వాళ్లు ఎంతోమంది ఆలస్యం చేస్తారు నాన్నా," అంది కృష్ణప్రియ, సంగమేశ్‌ని చూడకుండా. "ఎవరి మీదా నాకింత కోపం రాలేదు. ఎందుకా అని నిన్నట్నుంచీ ఆలోచిస్తున్నాను." అప్పుడు చూసింది. "ఇష్టం లేకపోతే అంత కోపం రాదుగా."

"మీ నాన్నగారి నంబరు చెప్పు బాబూ," అన్నారు రాజారావు గారు ఫోను తీస్తూ.

"ఇప్పుడా సార్? ఆయన మా ఊర్లనే, వెలిమెలల ఉంటడు. ఆపరేషనైనంక నిదానంగ…"

"డాక్టరు మాట్లాడొద్దన్నారండీ," అంది నాగేశ్వరమ్మ.

"వాళ్ల మంచీచెడూ తర్వాత మీరు చూడండి. పిల్ల తండ్రిగా మొదటి పలకరింపు నాది. అది నా గొంతుతోనే జరగాలి."

సంగమేశ్ ఒక్కొక్క అంకే చెబుతుంటే ఆయన నొక్కారు. అవతల ఎవరో ఎత్తారు. కృష్ణప్రియ వచ్చి తండ్రి భుజం పట్టుకుంది. రాజారావు గారు రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

"నమస్కారమండీ. నేను కృష్ణప్రియ వాళ్ల నాన్నని."